కౌబాయ్‌తో చెప్పిన అబద్ధం

ఈసారి గోడ పత్రికలో "జనం ఇష్టపడే కథలు" అనే వరస నడుపుదాం, ఒక్కొక్కరు ఒక్కో రకం కథ తీసుకుని చదివి రాయండి అని మేడమ్ చెప్పారు. దయ్యాల కథలు, డిటెక్టివ్ నవలలు, అత్తాకోడళ్ల సీరియళ్లు చీటీలు వేసి పంచుకున్నారు. ఆ రోజు నేను జ్వరంతో రాలేదు. నా పేరు మీద చీటీ తీసిన పుణ్యాత్మురాలు ఎవరో గానీ, అందులో ఇలా ఉంది: "సరదా కౌబాయ్ ప్రేమకథ. హఠాత్తుగా డబ్బు రావాలి. ఉత్తుత్తి ప్రేమ ఉండాలి." మార్చుకుంటానంటే ఎవరూ ఒప్పుకోలేదు. సరే కానిమ్మని మొదలుపెట్టాను. రాస్తూ పోతే మూడు చార్టులయింది. కింది చార్టు చదవడానికి కొంచెం వంగాలి, సీనియర్ అక్కలు మన్నించాలి.

ఇంట్లో చెబితే నాన్న సంబరపడిపోయాడు. నాన్న వైపు వాళ్లు మూడు తరాల కింద మద్రాసు చేరిన తెలుగువాళ్లు, అమ్మ వైపు తమిళం. మా ఇంట్లో ఏ సంగతయినా రెండు భాషల్లో తగువు పడాల్సిందే. "కౌబాయ్ అంటే మన కృష్ణ. 1971లో మోసగాళ్లకు మోసగాడు. ఇండియాకే మొదటి కౌబాయ్ సినిమా" అన్నాడు నాన్న. "ఏన్, ఎంగ జైశంకర్ ఇల్లియా?" అంది అమ్మ. జైశంకర్ గంగా వచ్చింది ఆ మరుసటి ఏడాది, 1972లో. కాబట్టి ఈ తగువులో నాన్నే గెలిచాడు. రాత్రి రసం అన్నం దగ్గర ఆ గెలుపు గురించి మూడుసార్లు విన్నాం.

కానీ నాన్న చెప్పిన సినిమాలు నా చీటీకి సరిపోవు. మోసగాళ్లకు మోసగాడు తీసుకోండి, చిరంజీవి కొదమ సింహం తీసుకోండి, మహేష్ బాబు టక్కరి దొంగ తీసుకోండి. హఠాత్తుగా వచ్చే డబ్బు వాటిలో ఉంది. నిధి, వజ్రాలు, మ్యాపు ముక్కలు, వాటి వెనక పరుగు. ప్రేమ మాత్రం రెండు ఫైట్ల మధ్య ఊపిరి పీల్చుకోవడానికి పెట్టిన పాటలా వచ్చి పోతుంది. మన కౌబాయ్‌లకు గుర్రం, టోపీ, తుపాకి, పగ అన్నీ ఉన్నాయి, ఆవు ఒక్కటే లేదు. ఆవులు లేని కౌబాయ్ ఎవడు అని అడిగితే నాన్న దగ్గర జవాబు లేదు. అందుకని అసలు కౌబాయ్ ఉన్న చోటికే పోదాం.

సినిమాల్లో వాడు తుపాకి వీరుడు. చరిత్రలో జీతగాడు. 1865లో అమెరికా అంతర్యుద్ధం ముగిసేసరికి టెక్సాస్‌లో పశువులు లెక్కలేనన్ని ఉన్నాయి గానీ అక్కడ కొనేవాళ్లు లేరు. కొనే నగరాలు దూరంగా ఉత్తరాన, తూర్పున ఉన్నాయి. రైలు కాన్సస్ దాకా వచ్చింది. అక్కడి వరకు మందల్ని వందల మైళ్లు తోలుకుపోతే డబ్బే డబ్బు. 1867లో ఆబిలీన్ అనే ఊళ్లో రైలుకట్ట పక్కన పశువుల బజారు మొదలైంది. డబ్బు మందల యజమానులది, దుమ్ము కౌబాయ్‌లది. నెలకు 25 నుంచి 40 డాలర్ల జీతం. ఎక్కిన గుర్రం కూడా చాలామందికి సొంతం కాదు, యజమానిదే. జీను మాత్రం సొంతం. వాళ్లలో నల్లవాళ్లు, మెక్సికోవాళ్లు చాలామంది ఉన్నారు, సినిమాలు వాళ్లని చాలాకాలం చూపించలేదు. అసలు ఆ పని నేర్పిందే మెక్సికో వాకేరోలు. స్పానిష్‌లో వాకా అంటే ఆవు. ర్యాంచ్, రోడియో, లాసో అన్నీ ఆ భాష నుంచి వచ్చిన మాటలే. కౌబాయ్‌ని మన మాటలో చెప్పాలంటే పసులకాపరి. చీటీలో "పసులకాపరి ప్రేమకథ" అని రాసుంటే నేను హాయిగా కృష్ణుడి మీద రాసిచ్చి గ్రంథాలయానికి పోయేదాన్ని.

ఈ తోలుకుపోవడాలు ఒక ఇరవై ఏళ్లే సాగాయి. 1874లో జోసెఫ్ గ్లిడెన్ ముళ్లతీగకు పేటెంట్ తీసుకున్నాడు, బయళ్లకు కంచెలు పడ్డాయి. 1886-87 చలికాలంలో మంచుకు మందలకు మందలే చచ్చిపోయాయి. అంటే కథకులు కలం పట్టేసరికి కౌబాయ్ దాదాపు అయిపోయిన మనిషి. ఓవెన్ విస్టర్ 'ది వర్జీనియన్' నవల వచ్చింది 1902లో. వయోమింగ్‌లో పేరు చెప్పని కౌబాయ్, తూర్పు వైపు వెర్మాంట్ నుంచి వచ్చిన టీచరమ్మ మాలీ వుడ్. అక్షరం తెలిసిన అమ్మాయి, ఆవు తెలిసిన అబ్బాయి. తర్వాత వచ్చిన కౌబాయ్ ప్రేమకథల్లో సగం ఈ జంటకు మనవలు, మునిమనవలే.

అయితే విస్టర్ నవలలో ఉరితీయడాలు, కాల్పులు ఎక్కువ. సరదా తెచ్చింది ఒక ఆడమనిషి. ఆవిడ పేరు బర్తా మజీ బోవర్, మోంటానాలో బతికింది. పుస్తకాల మీద బి. ఎం. బోవర్ అనే ఉండేది. అందువల్ల చదివేవాళ్లు రాసింది మగవాడే అనుకునేవారు. 1906లో పుస్తకంగా వచ్చిన 'చిప్ ఆఫ్ ది ఫ్లయింగ్ యు'లో ర్యాంచ్ యజమాని చెల్లెలు డాక్టరు చదివి వస్తుంది. కుర్రాళ్లంతా ఆవిణ్ణి లిటిల్ డాక్టర్ అంటారు. చిప్ అనే కౌబాయ్‌కి బొమ్మలు గీయడం వచ్చు. అతను గీసిన బొమ్మను ఆవిడ గీసిందని లోకం అనుకుంటుంది. ఆడమనిషి మగపేరు వెనక దాక్కుని రాసిన కథలో, మగవాడి బొమ్మ ఆడమనిషి పేరు వెనక దాక్కుంది. ఇది బోవర్ కావాలనే పెట్టిందో ఏమో! నాకైతే చదువుతూ నవ్వొచ్చింది.

ఇక ఉత్తుత్తి ప్రేమ సంగతి. ఇప్పటి నవలల్లో దీనికొక లెక్క ఉంది. నాయకుడికో నాయికకో ఉన్నట్టుండి డబ్బొస్తుంది. లాటరీ తగులుతుంది, ఎన్నడూ చూడని చిన్నాన్న ర్యాంచ్ రాసిచ్చి పోతాడు, లేదా ఎండిపోయిన పొలంలో నూనె పడుతుంది. మర్నాటి నుంచి చుట్టాలు, పెళ్లి సంబంధాలు వరసకడతాయి. వాళ్లని ఆపడానికి ఒకరిని కుదుర్చుకుని "మా ఇద్దరికీ నిశ్చితార్థం అయింది" అని చెప్పేస్తారు. షరతులు ముందే మాట్లాడుకుంటారు. ఇన్ని నెలలు, నలుగురిలో చెయ్యి పట్టుకోవచ్చు, నిజంగా ప్రేమించకూడదు. చదివేవాళ్లకు ఆ మూడో షరతు విరిగిపోతుందని మొదటి పేజీలోనే తెలుసు. తెలిసీ చదువుతాం. ఎప్పుడు విరుగుతుందన్నదే కథ. సాధారణంగా ఒకరికి జ్వరం వచ్చినప్పుడు విరుగుతుంది, రెండోవారు గంజి కాచి పెడతారు.

డబ్బుకీ నటనకీ ముడి ఎందుకు పెడతారా అని ఆలోచించాను. డబ్బు హఠాత్తుగా వచ్చినవాళ్లకు ఎదుటివాడు నవ్వేది తనకోసమా డబ్బుకోసమా అన్న అనుమానం. జీతం మాట్లాడుకున్న ప్రేమలో ఆ అనుమానానికి చోటులేదు. వాడు డబ్బుకే వచ్చాడని ఇద్దరికీ తెలుసు. అలా తెలిసి ఉండటం వల్ల ఇంటికొచ్చిన చుట్టాలందరికంటే వాడే నమ్మకస్తుడు అవుతాడు. ఈ చిక్కుముడి తెలివైనదే, ఒప్పుకోవాలి.

కానీ ఈ రకంలో నాకు బాగా నచ్చిన కథ నవల కాదు, పాత సినిమా. 1938లో వచ్చిన 'ది కౌబాయ్ అండ్ ది లేడీ'. శామ్యూల్ గోల్డ్‌విన్ నిర్మాత, హెచ్. సి. పాటర్ దర్శకుడు. కౌబాయ్ స్ట్రెచ్‌గా గ్యారీ కూపర్, నాయిక మేరీ స్మిత్‌గా మెర్ల్ ఒబెరాన్.

మేరీ తండ్రి పెద్ద మనిషి, అమెరికా అధ్యక్ష పదవి మీద కన్నేసినవాడు. కూతురు ఒక నైట్‌క్లబ్బులో పోలీసుల కంట పడేసరికి పేపర్లకెక్కుతుందని భయపడి పామ్ బీచ్‌లో ఉన్న బంగళాకు పంపేస్తాడు. అక్కడ ఆ పిల్లకు తోచదు. ఇంట్లో పనిచేసే ఇద్దరమ్మాయిలు ఊళ్లోకొచ్చిన రోడియో కౌబాయ్‌లతో షికారు పోతుంటే నేనూ వస్తానని వెంటపడుతుంది. స్ట్రెచ్‌తో తానూ పనిమనిషినేనని చెబుతుంది. అంతటితో ఊరుకోదు. తాగుబోతు తండ్రి, తాను పోషించాల్సిన చెల్లెళ్లు అని ఒక కష్టాల కథ అల్లేస్తుంది. అతను ఆ కథ నమ్మి, కరిగిపోయి, పెళ్లి చేసుకుందామంటాడు. ఓడలోనే పెళ్లి అయిపోతుంది.

ఈ సినిమాలో ఒక దృశ్యం గురించి చెప్పకుండా ముందుకు పోలేను. మోంటానాలో స్ట్రెచ్ ఇల్లు కట్టుకుంటున్నాడు. గోడలు లేవు, చట్రం మాత్రం లేచింది. అతను మేరీ పక్కనే ఉన్నట్టు ఊహించుకుని ఆ లేని ఇంట్లో తిరుగుతాడు. లేని తలుపు తీస్తాడు, లేని గదులు చూపిస్తాడు. స్నేహితులు చూస్తారు. నవ్వించడానికే తీసిన దృశ్యం ఇది. నాకు మాత్రం కడుపులో ఏదో మెలిపెట్టినట్టయింది. ఎందుకంటే అతను అక్కడ ఇల్లు చూపిస్తున్నది లేని మేరీకి. అతనికి తెలిసిన మేరీ అసలు లేనేలేదు.

తర్వాత అతను ఆవిణ్ణి వెతుక్కుంటూ పామ్ బీచ్ వస్తాడు. బంగళాలో రాజకీయ పెద్దలకు విందు. పనిమనిషి అనుకున్న భార్య ఆ విందులో యజమానురాలిగా కూర్చుని ఉంది. కౌబాయ్‌కి హఠాత్తుగా డబ్బున్న భార్య దొరికింది. మన చీటీ ప్రకారం ఇది సంబరపడాల్సిన ఘట్టం. అతను సంబరపడడు. ఆ పెద్దలు అతన్ని జంతువుల ప్రదర్శనలో వింతను చూసినట్టు చూస్తారు, ప్రశ్నలడిగి ముసిముసిగా నవ్వుకుంటారు. అతను వాళ్ల మర్యాద ఏపాటిదో మొహం మీద చెప్పి వెళ్లిపోతాడు. చివరికి తండ్రి మెత్తబడతాడు, మోంటానాలో ఇద్దరూ కలుస్తారు. ఆ ఆస్తి సంగతి ఏమైందో, వంట ఎవరు చేస్తారో సినిమా చెప్పదు. సరదా కథలు అక్కడికి రాగానే దీపం ఆర్పేస్తాయి.

ఇక్కడ నాకొక సందేహం వచ్చింది. మేరీ చెప్పిన అబద్ధం మీద మనకెవరికీ కోపం రాదు ఎందుకని? అబద్ధాలకు కూడా ఎత్తు పల్లం ఉన్నాయని నాకనిపిస్తుంది. ఉన్నవాళ్లు లేనట్టు నటిస్తే అది పైనుంచి కిందికి దిగడం. ఎప్పుడైనా తిరిగి మెట్లెక్కొచ్చు. పట్టుబడితే "అబ్బ, ఎంత మంచి మనసో" అంటారు. లేనివాళ్లు ఉన్నట్టు నటించడం కింది నుంచి పైకి పాకడం. పట్టుబడితే పడేది నేల మీదే.

మన క్లాసులో చదివిన వాటిలో చూడండి. శాకుంతలంలో దుష్యంతుడు ఆశ్రమంలోకి వచ్చి తాను రాజునని చెప్పడు, రాజు నియమించిన ఉద్యోగిలా మాట్లాడతాడు. ఎవరైనా తప్పు పట్టారా? అదే కథలో శకుంతల నిజం చెప్పినా నిండు సభలో నమ్మలేదు. విరాటపర్వం ఇంకా దగ్గర. ద్రౌపది సైరంధ్రిగా పనికి కుదురుతుంది, నకులుడు గుర్రాలు చూస్తాడు, సహదేవుడు ఆవులు కాస్తాడు. అంటే మాద్రి కొడుకులిద్దరూ కలిసి ఒక పూర్తి కౌబాయ్! చివర్లో గోగ్రహణం కూడా ఉంది, కౌరవులు విరాటుడి పశువుల్ని తోలుకుపోతారు. మోసగాళ్లకు మోసగాడులో లేని ఆవులు తిక్కన దగ్గర ఉన్నాయని నాన్నతో అన్నాను. నాన్న రెండు రోజులు మాట్లాడలేదు. కానీ ద్రౌపది నటనలో సరదా లేదు. పనిమనిషి వేషం వేసినందుకు ఆమెకు కీచకుడు ఎదురయ్యాడు. పామ్ బీచ్ మేరీకి పనిమనిషి వేషంలో అలాంటివాడు ఎదురు కాలేదు, గ్యారీ కూపర్ ఎదురయ్యాడు. ఆ అదృష్టం మీదే సరదా అంతా నిలబడింది.

కింది నుంచి పైకి పోయే అబద్ధానికి మనకు మిస్సమ్మ ఉంది. మా ఇంట్లో రెండో తగువు దీని మీదే. 1955లో విజయావాళ్లు ఎల్. వి. ప్రసాద్ దర్శకత్వంలో తెలుగులో మిస్సమ్మ, తమిళంలో మిస్సియమ్మ తీశారు. అక్కడ రామారావు, ఇక్కడ జెమినీ గణేశన్. నాన్నకీ అమ్మకీ ఎవరు గొప్ప అన్నది ఈ జన్మకు తేలదు. సావిత్రి మాత్రం రెండింట్లోనూ ఉంది కాబట్టి మా అవ్వ, అమ్మ వైపు పాట్టి ఇద్దరూ ఆవిడ మావాళ్ల పిల్ల అంటారు. కథ మీకు తెలుసు. జమీందారు బడికి భార్యాభర్తలైన టీచర్లే కావాలంటాడు. ఉద్యోగం లేని ఇద్దరు, ఒకరు హిందువు ఒకరు క్రైస్తవురాలు, మొగుడూ పెళ్లాలమని చెప్పి చేరతారు. చూడండి, పామ్ బీచ్ మేరీకి తోచక అబద్ధమాడింది. మన మేరీ అప్పు తీర్చడానికి ఆడింది. అందుకే మన మేరీ మొహంలో సినిమా అంతా చిరాకు. సావిత్రి ఆ చిరాకును ఎంత ముద్దుగా చేసిందంటే, అది భయం అని మనం గమనించం.

చివరికి ఈ మేరీకీ హఠాత్తుగా డబ్బు వస్తుంది. చిన్నప్పుడు తప్పిపోయిన జమీందారు పెద్ద కూతురు మహాలక్ష్మి ఆమేనని తేలుతుంది. నాకు ఈ ముగింపు అప్పుడూ ఇప్పుడూ మింగుడుపడదు. సినిమా అంటే ప్రాణమే, కాదనను. కానీ అప్పులున్న క్రైస్తవుల అమ్మాయిగానే రావుకి దక్కితే కథకు ఏం లోటు? ఆస్తి, మతం రెండూ పుట్టుకతోనే సరిపోయేలా కుదిర్చి, చేసిన అబద్ధాన్ని పైనుంచి కిందికి దిగిన అబద్ధంగా మార్చేశారు. జమీందారు కూతురు తన ఇంట్లో తానే టీచరుగా నటించినట్టయింది. ఇక ఎవరికీ కోపం రాదు.

కథలు వదిలి నిజం మనుషుల దగ్గరికొస్తే, కౌబాయ్ దేశంలోనే ఒక ఉత్తుత్తి వ్యవహారం దొరికింది. 1862 నాటి హోమ్‌స్టెడ్ చట్టం కింద 160 ఎకరాల ప్రభుత్వ భూమికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఐదేళ్లు అక్కడ ఉండి సాగు చేస్తే సొంతం. 21 ఏళ్లు నిండిన ఒంటరి ఆడవాళ్లూ అడగొచ్చు, భర్తతో ఉన్న ఆడదానికి మాత్రం మామూలుగా ఆ హక్కు లేదు. ఎలినోర్ ప్రూయిట్ అనే ఆవిడ చిన్న కూతురిని వెంటబెట్టుకుని 1909లో వయోమింగ్‌కు వెళ్లి, స్టీవర్ట్ అనే ర్యాంచ్ మనిషి ఇంట్లో పనికి చేరింది. అతని భూమి పక్కనే తన పేరుతో దరఖాస్తు పెట్టింది. కొద్ది రోజులకే అతన్ని పెళ్లి చేసుకుంది. పాత యజమానురాలికి రాసే ఉత్తరాల్లో మాత్రం ఆ సంగతి చాలాకాలం రాయలేదు. ఆ ఉత్తరాలు 1914లో పుస్తకంగా వచ్చి, ఒంటరి ఆడది సొంతంగా భూమి సంపాదించుకోవచ్చని ఎందరికో ధైర్యమిచ్చాయి. ఆవిడ భూమి 1912లోనే అత్తగారి పేరు మీదికి పోయింది. అందరూ పెళ్లయినట్టు నటిస్తే ఈవిడ కానట్టు నటించింది. చట్టం అలా ఉంటే మనిషి ఇలాగే ఉంటుంది. నాకు ఈవిడ మీద కోపం రాలేదు.

అసలు నేను రాయాలనుకున్నది మెర్ల్ ఒబెరాన్ గురించి. ఆ కౌబాయ్ సినిమాలో డబ్బున్న పిల్ల పనిమనిషిగా నటించే వేషం ఆవిడది అని చెప్పాను కదా. ఆవిడ ఎవరో చూద్దామని వెతికాను. పుట్టింది 1911లో, మన బొంబాయిలో. పెరిగింది కలకత్తాలో. ఆంగ్లో ఇండియన్ పిల్ల, ఇంట్లో పేదరికం. ఇంగ్లాండుకు చేరి సినిమాల్లోకొచ్చాక, ఆస్ట్రేలియా పక్కన టాస్మేనియాలో పుట్టానని చెప్పించారు. ఆ రోజుల్లో మిశ్రమ రక్తం అని తెలిస్తే నాయిక వేషాలు ఉండవు. 1935 సినిమాకు ఉత్తమ నటి ఆస్కార్ నామినేషన్ కూడా వచ్చింది. ఆవిడ 1979లో చనిపోయేదాకా ఆ టాస్మేనియా కథ అలాగే నడిచింది. 1978లో ఆ టాస్మేనియాలోనే హోబార్ట్‌లో ఆవిడకు స్వాగత సభ కూడా జరిగింది. సొంతూరు కాని సొంతూళ్లో సన్మానం! ఆ పూట ఆవిడకు ఎలా ఉండి ఉంటుందో.

ఇంకొకటి ఉంది. తల్లిగా పెంచిన షార్లట్ అనే ఆవిడ ఒళ్లు చామనఛాయ. తెల్లటి సినిమా తార పక్కన ఆమెను అమ్మ అని పరిచయం చేస్తే రహస్యం బయటపడుతుంది. అందుకని ఇంటికొచ్చినవాళ్లకు పనిమనిషి అని చెప్పేవారట. మెర్ల్ జీవితం మీద రాసినవాళ్లు ఈ సంగతి రాశారు. షార్లట్ 1937లో పోయింది. మరుసటి ఏడాదే కౌబాయ్ సినిమా వచ్చింది. అందులో మెర్ల్ పనిమనిషిగా నటిస్తుంది, జనం నవ్వుతారు. ఒకే మనిషి తెర మీద పైనుంచి కిందికి దిగే అబద్ధం, ఇంట్లో కింది నుంచి పైకి పాకే అబద్ధం. తెర మీది అబద్ధానికి మోంటానాలో కౌబాయ్ కౌగిలి దక్కింది. ఇంట్లో అబద్ధానికి వేషం వేసింది ఆవిడ కాదు, ఆవిడ కోసం ఇంకొకరు.

ఈ ముక్క చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎందుకో చెప్పాలి. వ్యాసంలో సొంత గోల ఎందుకని మేడమ్ అంటే ఈ పేరా మీద తెల్ల కాగితం అతికించేస్తాను.

మొదటి సంవత్సరం మొదటి వారంలో పరిచయాలు జరిగాయి. పక్కన కూర్చున్న ఇద్దరూ వాళ్ల వాళ్ల ఇళ్ల గురించి చెప్పుకొచ్చారు. నా వంతు వచ్చేసరికి నా నోటి నుంచి "అన్నానగర్. నాన్నకు ట్రావెల్స్ ఉంది" అని వచ్చేసింది. ముందే అనుకుని చెప్పింది కాదు. మా ఇల్లు కొరుక్కుపేటలో. నాన్న షేర్ ఆటో నడుపుతాడు. ట్రావెల్స్ అంటే పూర్తిగా అబద్ధం కాదులే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఆ తర్వాత ఆ అబద్ధాన్ని మేపాల్సి వచ్చింది. మీతోపాటు అన్నానగర్ బస్సెక్కి, రెండు స్టాపులయ్యాక ఏదో కొనాలని చెప్పి దిగి, ఎదురుగా వచ్చే బస్సెక్కేదాన్ని.

ఒక సాయంత్రం మనం ముగ్గురం కాలేజీ ఎదురు స్టాప్‌లో ఉన్నాం. వాన మొదలైంది. ఒక షేర్ ఆటో వస్తుంటే మీలో ఒకరు చెయ్యి చాపారు. అది నాన్న బండి. మామూలుగా ఆ రూటు కాదు, ఎందుకొచ్చాడో ఇంతవరకు అడగలేదు. బండి స్లో చేశాడు, నన్ను చూశాడు. నేను ఫోన్లోకి చూశాను. "వండి ఫుల్లుమ్మా" అనేసి వెళ్లిపోయాడు. వెనక సీట్లు ఖాళీగానే ఉన్నాయి. "ఖాళీ పెట్టుకుని ఫుల్ అంటాడు, పొగరు చూడవే" అన్నావు నువ్వు. "అవునే" అన్నాను నేను. రాత్రి ఇంటికొచ్చాక నాన్న "తడిశావా?" అని మాత్రం అడిగాడు.

నాకు లాటరీ తగలలేదు, తప్పిపోయిన జమీందారు తండ్రీ లేడు. ఉన్న తండ్రినే ఒక సాయంత్రం ఎవరో డ్రైవర్‌ని చేశాను. ఈ వ్యాసం రాయడానికి అన్ని సినిమాలూ నాన్న ఫోన్‌లోనే చూశాను, ఆయన డేటాతోనే. రోజూ "అయ్యిందా నీ కౌబాయ్?" అని అడుగుతున్నాడు.

అయ్యింది. గోడకెక్కాక ఫోటో తీసి చూపిస్తాను, ఈ భాగంతో సహా.

ఆ ఇద్దరూ ఇది చదువుతున్నప్పుడు నేను క్యాంటీన్‌లో ఉంటాను, ఎదురుగా నిలబడే ధైర్యం లేదు. వచ్చే శనివారం అవ్వ అలసంద వడలు చేస్తానంది. సెంట్రల్‌లో గుమ్మిడిపూండి లోకల్ ఎక్కితే బేసిన్ బ్రిడ్జి తర్వాత కొరుక్కుపేట. స్టేషన్ బయట నాన్న బండి ఉంటుంది. ఈసారి ఆపుతాడు, చెప్పి ఉంచాను.